వానాకాలంలో సైకిలు తోలుసీటు

తెలంగాణలో బడులు తెరిచే నెల, వానలు మొదలయ్యే నెల ఒక్కటే. జూన్ రెండవ వారంలో పాఠశాలలు తెరుస్తారు; నైరుతి ఋతుపవనం కూడా ఇంచుమించు ఆ రోజులలోనే వచ్చి చేరుతుంది. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కొక్క ఏడు బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల పుణ్యమా అని అక్టోబరులో కూడా, సైకిలు మీద బడికి పోయే పంతుళ్ళూ పిల్లలూ వానతోపాటే ప్రయాణం చేయవలసి ఉంటుంది. 2016లో నల్లగొండ జిల్లా నుంచి విడివడిన సూర్యాపేట జిల్లాలో, కోదాడకు దగ్గరగా ఉన్న అనంతగిరి వైపు ఊళ్ళను ఉదాహరణగా తీసుకోవచ్చు. పెద్ద రోడ్డు మీద పోయేవాడికి వాన పైనుంచి మాత్రమే వస్తుంది. పొలాల మధ్య బాట మీద పోయేవాడికి అది చక్రం వెంట కింది నుంచి కూడా వస్తుంది. ఈ రెండవ వాన సంగతి ముందు ముందు చెప్పుకుందాం.

నేడు అమ్మకానికి వచ్చే సైకిళ్ళలో చాలావాటికి రెక్సిను సీటో, ప్లాస్టిక్ సీటో ఉంటున్నది. కాని తాతల నాటి నల్ల సైకిళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి అసలైన తోలుసీటు ఉన్నది. దూరప్రయాణాలు చేసే యువకులు కూడా కొందరు ఈ మధ్య కావాలని తోలుసీట్లే కొనుక్కుంటున్నారు. ఇటువంటి సీటు బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్ళు సేవ చేస్తుంది. చూసుకోకపోతే ఒక్క వానాకాలంలోనే పాత నులకమంచంలాగా కుంగిపోతుంది. ఒకే ఏడు కొన్న, ఒకే ఊళ్ళో తిరిగిన రెండు సీట్లలో ఒకటి నిలిచి, ఒకటి చెడడానికి కారణమేమిటి? వానలో తడవడమే కారణమని అందరూ అంటారు. అది సగం మాత్రమే నిజం.

ముందుగా తోలుసీటు నిర్మాణం చూడండి. దాని కింద మెత్త లేదు, పలక లేదు. నాలుగైదు మిల్లీమీటర్ల మందం గల ఒక్క తోలుముక్కను ఇనుప చట్రానికి ముందు ముక్కు దగ్గర, వెనుక వంపు దగ్గర రివెట్లతో బిగిస్తారు. మధ్యభాగమంతా గాలిలో వేలాడుతూ ఉంటుంది. మనిషి దాని మీద కూర్చున్నప్పుడు బరువును మోసేది కేవలం ఆ తోలులోని బిగువు. డప్పు మీది చర్మం, నులకమంచం, ఉయ్యాల, ఇవన్నీ ఈ జాతివే.

ఈ బిగువు ఎంత ఉంటుందో పదవ తరగతి విద్యార్థి కూడా లెక్క కట్టగలడు. రెండు కొసల మధ్య కట్టిన తాడుకు నడుమ 60 కిలోల బరువు వేలాడదీశామనుకోండి. తాడు క్షితిజ సమాంతరానికి 20 డిగ్రీల కోణంలో కిందికి వంగితే దానిలోని బిగువు దాదాపు 88 కిలోల బరువుకు సమానం. 10 డిగ్రీలు మాత్రమే వంగితే అది దాదాపు 173 కిలోలకు పెరుగుతుంది. వంపు ఎంత తక్కువైతే లాగుడు అంత ఎక్కువ. సీటు ఉత్త తాడు కాదు, అటూ ఇటూ వంగిన చిప్ప. కనుక ఈ అంకెలు దానికి అక్షరాలా వర్తించవు. అయినా ఒక విషయం తేటతెల్లమవుతుంది. కుంగకుండా బిగువుగా ఉన్న మంచి సీటులోని తోలు, దాని మీద కూర్చున్న మనిషి బరువుకు మించిన లాగుడును క్షణక్షణం భరిస్తున్నది. ఇంత బలం దానికి ఎక్కడి నుంచి వచ్చింది?

పశువు చర్మంలో ముఖ్యమైన పదార్థం కొలాజెన్ అనే మాంసకృత్తి. దీని అణువులో మూడు పొడవాటి గొలుసులు ఒకదానితో ఒకటి పేనుకొని, మూడు పేటల తాడులాగా ఉంటాయి. ఒక్కొక్క గొలుసులో సుమారు వెయ్యి అమినో ఆమ్లాలు. ప్రతి మూడవ స్థానంలో గ్లైసిన్ అనే అతి చిన్న ఆమ్లం. ఈ ముప్పేట నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. వారి పరిశోధనకు కావలసిన కొలాజెన్ నమూనాలు ఆ పక్కనే ఉన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థ నుంచి అందాయి. 1948లో స్థాపించిన ఆ సంస్థకు తరువాత చాలాకాలం అధిపతిగా ఉన్న యలవర్తి నాయుడమ్మ మన తెలుగువాడే. తెనాలి సమీపంలోని యడ్లపల్లిలో 1922లో జన్మించాడు. చెప్పుకు, చెప్పులు కుట్టేవాడి బ్రతుకుకు కూడా ఉన్నతశాస్త్రం అక్కరకు రావాలని పాటుపడినవారిలో ఆయనను ముందు చెప్పుకోవాలి.

ముప్పేట అణువులు అనేకం కలిసి పోగులవుతాయి, పోగులు కలిసి నారలవుతాయి. ఈ నారలు చర్మంలో అడ్డదిడ్డంగా, చాపలోని ఆకుల వలె ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. పచ్చితోలును ఊరికే ఎండబెడితే ఈ నారలు జిగురుతో అంటించినట్లు పరస్పరం అతుక్కొని, తోలు చెక్కలాగా బిరుసెక్కుతుంది. తిరిగి తడిపితే మెత్తబడుతుంది, ఆపైన కుళ్ళుతుంది. ఈ రెంటినీ తప్పించడానికే తోలును పదును చేస్తారు. మన పల్లెల్లో చర్మకారులు తరతరాలుగా లందలలో, అంటే తోళ్ళు నానవేసే గుంతలలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి చేసిన పని అదే. ఈ చెక్కలలో, కాయలలో ఉండే వగరు పదార్థాల పేరు టానిన్లు. ఇవి నారల మధ్యకు చేరి కొలాజెన్ గొలుసులను పట్టుకొని ఉంటాయి. అందువల్ల నారలు అతుక్కోవు, సూక్ష్మజీవులకు తేలికగా లొంగవు. పూర్వపు మద్రాసు రాష్ట్రం నుంచి విదేశాలకు ఎగుమతి అయిన తోళ్ళలో ఎన్నో ఈ తంగేడు చెక్కతో పదునైనవే. 2014లో తెలంగాణ తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకొన్న తంగేడుకు బతుకమ్మలోనే కాక తోళ్ళ పరిశ్రమలో కూడా ఇంత చరిత్ర ఉన్నది.

పదును చేసే పద్ధతి ఇది ఒక్కటే కాదు. క్రోమియం లవణాలతో చేసే పద్ధతి పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో పశ్చిమ దేశాలలో బయలుదేరింది. మన దక్షిణ దేశానికి దానిని ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ తెచ్చినప్పుడు, ఆయన దృష్టిలో ఉన్నది బూట్లు కావు. బావుల నుంచి నీళ్ళు తోడే మోట తోలు. నీటిలో నిత్యం నానే ఆ తోలుకు క్రోముపదును బాగా సరిపోతుందని ఆయన ఆలోచన. క్రోముతోలు మరిగే నీటి వేడికి కూడా తట్టుకొంటుంది. చెక్కపదును తోలు తడిగా ఉన్నప్పుడు 75, 85 సెంటిగ్రేడు డిగ్రీల నడుమనే ముడుచుకొని చెడిపోతుంది.

అట్లాగైతే సైకిలు సీటును క్రోముతోలుతోనే చేయవచ్చు గదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. చేయరు. క్రోముతోలు మెత్తనిది, సాగేది. ఒక ఆకారంలో పెడితే ఆ ఆకారాన్ని నిలబెట్టుకోదు. చెక్కపదును తోలు గట్టిది; తడిపి అచ్చులో వత్తి ఆరనిస్తే ఆ అచ్చు ఆకారంలోనే నిలిచిపోతుంది. సీటు తయారుచేసేది సరిగ్గా ఇట్లాగే. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జీను సామగ్రి వ్యాపారం పెట్టిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1882లో తోలుసీటుకు పేటెంటు పొందాడు. తన గుర్రం చనిపోగా సైకిలు ఎక్కిన ఆయనకు అప్పటి సీటు కఠినంగా ఉండటమే ఈ ప్రయత్నానికి కారణమంటారు. ఆ పేరుతో నేటికీ తయారవుతున్న తోలుసీట్లలో వాడేది చెక్కపదును తోలే.

కొత్త తోలుసీటు చెక్కలాగా ఉంటుంది. కొన్ని వందల మైళ్ళు తొక్కిన తరువాత ఎక్కేవాడి శరీరానికి సరిగ్గా సరిపోయే రెండు చిన్న పల్లాలు దానిలో ఏర్పడతాయి. అప్పుడది అతనికి మెత్తగా ఉంటుంది, ఇంకొకరికి సరిపడదు. ఇది ఎట్లా జరుగుతున్నది? చెమటలోని తేమ కొంచెం కొంచెంగా తోలులోకి ఎక్కుతుంది. ఆ తేమకు నారలు ఒకదానిపై ఒకటి రవంత జారుతాయి. బరువు వాటిని కొత్త చోటికి తెస్తుంది. తేమ ఆరగానే అక్కడే స్థిరపడతాయి. అంటే తేమ, బరువు, ఆరుదల అనే మూడూ కలిసి సీటును మలుస్తున్నాయి. వాన చేసేదీ ఇదే పని! కాకపోతే నెలల తరబడి వీసమెత్తున జరగవలసినది ఒక్క గంటలో మణుగులెత్తున జరుగుతుంది. మామూలు గాలిలో ఈ తోలులో నూటికి 10 నుంచి 18 పాళ్ళ దాకా నీరు ఉండనే ఉంటుంది. బాగా నానినప్పుడు అది తన బరువులో మూడవ వంతుకు పైగా నీరు తాగగలదు. అప్పుడు నారల మధ్య నీరు కందెన అవుతుంది. ఆ స్థితిలో మనిషి ఎక్కి కూర్చుంటే, పైన లెక్క కట్టిన లాగుడుకు నారలు అదుపు తప్పి జారుతాయి. దిగిన తరువాత అవి వెనక్కు రావు. కాబట్టి సీటును చెడగొట్టేది ఉత్త నీరు కాదు. నీటితో ఉన్నప్పుడు దానిపై పడే బరువు.

దీనిని తరగతిలో పరీక్షించి చూడవచ్చు. చెప్పులు కుట్టేవారి దగ్గర తుండుముక్కలు దొరుకుతాయి. కోసిన అంచు లోపలిదాకా గోధుమరంగులో ఉంటే అది చెక్కపదును తోలు. నీలి బూడిదరంగు చార ఉంటే క్రోముతోలు. చెక్కపదును తోలు నుంచి ఒకే వెడల్పు, ఒకే పొడవు గల మూడు సన్నని పట్టీలు కోయండి. ఒకటి పొడిగా ఉంచి బరువు వేలాడదీయండి. రెండవది రాత్రంతా నానబెట్టి అంతే బరువు వేలాడదీయండి. మూడవది నానబెట్టి బరువు లేకుండా నీడలో ఆరనివ్వండి. రెండు రోజుల తరువాత మూడింటినీ కొలవండి. బరువు మోస్తూ ఆరిన పట్టీ సాగి, సాగినట్లే ఉండిపోతుంది. బరువు లేకుండా తడిసి ఆరిన పట్టీ పొడవులో సాగదు. కాస్త ముడుచుకొని బిరుసెక్కుతుంది. వానలో తడిసిన రెండు సీట్లలో ఒకటి బాగుండి ఒకటి కుంగిపోవడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ఒకడు తడిసిన సీటును ఆరనిచ్చి ఎక్కాడు. ఇంకొకడు సాయంత్రం బడి వదలగానే తువ్వాలుతో పైపైన తుడిచి ఎక్కి కూర్చున్నాడు. పైన ఒక ప్లాస్టిక్ సంచి పరచుకొని కూర్చుంటే పంచె తడవదేమో గాని, సీటుకు కలిగే మేలు ఏమీ లేదు. బరువు బరువే.

పంచె మాట వచ్చింది గనుక మరకల సంగతి చూద్దాం. తడిసిన తోలుసీటు మీద కూర్చుంటే తెల్లని పంచెకు, పైజామాకు ఎర్రటి గోధుమరంగు మరక అంటుకొంటుంది. అది మురికి కాదు. నారలను గట్టిగా పట్టుకోని టానిన్లు నీటిలో కరిగి బయటికి వస్తున్నాయన్నమాట. ప్రతి వానకు తోలు తన పదునును కొంచెం కొంచెం పోగొట్టుకొంటున్నది. సీటు అంచుల వెంట, ఆరిన తరువాత, ముదురు గీతలు పడటం మీరు చూసే ఉంటారు. ఒలికిన టీ బల్ల మీద ఆరినప్పుడు దాని అంచు ముదురుగా ఉంటుంది గదా, ఇదీ అంతే. నీరు ఆవిరయ్యే చోటికి కరిగిన టానిన్లు, చెమట ఉప్పు చేరుకొని పేరుకుంటాయి. అక్కడ తోలు పెళుసెక్కి మొదట పగులుతుంది.

రివెట్ల చుట్టూ కనబడే నల్లమచ్చలది ఇంకొక కథ. ఇనుము టానిన్‌తో కలిసి నల్లని పదార్థం ఏర్పరుస్తుంది. పూర్వం మన బడులలో వాడిన సిరా కరక్కాయలకు అన్నభేది కలిపి చేసిందే. అన్నభేది అంటే ఇనుము లవణమే. శ్రీకాళహస్తి కలంకారీవారు బట్టకు ముందు కరక్కాయ పట్టించి, దానిపై ఇనుపముక్కలు, బెల్లం ఊరవేసిన కసిమితో గీస్తే నల్లగీత తేలేదీ ఈ చర్య వల్లనే. సీటు మీద వాననీరే కలం. రివెట్టు తుప్పే అన్నభేది. సీటుకు మచ్చ పడితే పోనీ అనుకోవచ్చు. కాని తుప్పు, తేమ కలిసిన చోట తోలు క్రమంగా బలం కోల్పోతుంది; బిగువంతా మోసేది ఆ రివెట్టు రంధ్రాల అంచులే గదా. వాన వెలిసిన తరువాత మరేమీ చేయకపోయినా రివెట్ల తలలను, వాటి అడుగుభాగాన్ని పొడిగుడ్డతో తుడవడం మరువరాదు. కొంచెం గ్రీజు రాస్తే ఇంకా మంచిది. రాగి రివెట్లు ఉన్న సీటుకు ఈ బాధ లేదు.

ఇప్పుడు కింది నుంచి వచ్చే వాన. తోలుకు రెండు ముఖాలు: వెంట్రుకలు ఉండిన పైముఖం, మాంసానికి అంటి ఉండిన లోముఖం. పైముఖంలో నారలు సన్నగా, దగ్గర దగ్గరగా అల్లుకొని ఉంటాయి. దానికి మెరుగు కూడా పెడతారు. లోముఖం గరుకు, నారలు విడివిడిగా ఉంటాయి. రెండింటి మీద ఒక్కొక్క నీటిచుక్క వేసి చూడండి. పైముఖం మీద చుక్క కొంతసేపు నిలుస్తుంది, లోముఖం దానిని త్వరగా పీల్చేస్తుంది. సీటులో లోముఖం కిందికి, అంటే సరిగ్గా వెనుకచక్రం వైపుకు ఉన్నది. మనం గొడుగు పట్టి, సంచి తొడిగి పైముఖాన్ని కాపాడుతున్నాం. చక్రం చిమ్మే నీరు మాత్రం కింది నుంచి నిరాటంకంగా తోలుకు అందుతున్నది. ఇక్కడ రక్షణ మడ్గార్డు. పాతకాలపు నల్ల సైకిళ్ళకు నిండుగా ఉండే మడ్గార్డు అలంకారం కాదు. కాని రేగడి నేలలో తొక్కేవారి కష్టం వేరు: జిగట మన్ను టైరుకు, మడ్గార్డుకు మధ్య కూరుకొని చక్రం తిరగకుండా పట్టేస్తుంది. విసిగి మడ్గార్డు ఊడదీసి ఇంట్లో పెట్టినవాళ్ళు ఉన్నారు. అటువంటివారు సీటు స్ప్రింగుల కింద, వెనుక చట్రానికి, పాత ట్యూబు ముక్కను గాని, దళసరి ప్లాస్టిక్ డబ్బా నుంచి కోసిన రేకును గాని అడ్డుగా కట్టుకోవడం మంచిది. అరచేతి వెడల్పు చాలు.

నీరు లోపలికి పోకుండా తోలునే తయారుచేయడం రెండవ రక్షణ. గాజు కేశనాళికలో నీరు పైకి ఎక్కుతుందనీ, పాదరసం కిందికి దిగుతుందనీ పాఠంలో చదువుకున్నాం. గోడను ద్రవం తడిపితే ఎక్కుతుంది, తడపకపోతే దిగుతుంది. తోలులోని నారల సందులు కూడా కేశనాళికలే. గోడలకు మైనం పట్టిస్తే నీరు వాటిని తడపలేదు; సందు అదే ఉన్నా నీరు వెనక్కు నెట్టబడుతుంది. తామరాకు మీద, చేమాకు మీద నీటిచుక్క గుండ్రంగా దొర్లడానికి ఆ ఆకుల మీది మైనపు పొర ముఖ్యకారణం. మైనం పట్టించినంత మాత్రాన సందులన్నీ పూడిపోవు. లోపలి తేమ ఆవిరిగా బయటికి పోయే దారి ఉంటుంది. అందుకే ఇది రంగు పూయడం కంటె మేలు.

ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు. తేనెమైనం ఒక పాలు, ఆముదం రెండు పాళ్ళు తీసుకొని చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో ఉంచితే చాలు; తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల వేడికే కరుగుతుంది. నేరుగా పొయ్యి మీద పెడితే అంటుకొనే ప్రమాదం ఉన్నది, పెద్దల సాయం లేకుండా పిల్లలు చేయరాదు. కరిగిన తరువాత దించి, కలుపుతూ చల్లార్చితే మెత్తని లేపనం అవుతుంది. కిర్రుచెప్పులకు ఆముదం పట్టించిన మన పెద్దలకు ఈ పని కొత్త కాదు. నల్లగొండ ప్రాంతంలో ఆముదానికి కరువూ లేదు. చల్లారిన లేపనాన్నే రాయాలి. వేడిది పోస్తే తోలు అతిగా పీల్చుకొంటుంది.

అతి అనే మాటను గట్టిగా చెప్పవలసి ఉన్నది. నూనె ఎంత తాగిస్తే తోలు అంత బాగుంటుందని ఒక నమ్మకం. చెప్పుకు, సంచికి అది కొంతవరకు నిజం. సీటుకు కాదు. నూనె కూడా నీటివలెనే నారల మధ్య కందెన. అది ఆరిపోయేది కూడా కాదు. నూనెలో ముంచిన సీటు వాన లేకుండానే కుంగుతుంది. వానాకాలానికి ముందు మే నెలాఖరులో ఒకసారి, మధ్యలో ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి, పలుచగా రాస్తే చాలు. పైముఖానికి రాసి, ఒక పూట ఆగి, మిగిలినది గుడ్డతో తుడిచివేయాలి. లోముఖానికి మాత్రం తుడవనక్కర లేదు. అక్కడ కొంచెం మందంగా ఉన్నా మంచిదే. చాలామంది పైముఖం అద్దంలా మెరిపించి అడుగు ముట్టుకోనే ముట్టుకోరు. సీటు తిరగేసి చూస్తేగాని ఆ సంగతి తెలియదు. అవిసెనూనె వాడవద్దు, అది గాలికి ఎండి గట్టి పొరగా మారుతుంది. మరకలు పోతాయని కిరోసినుతో తుడిస్తే తోలులో తయారీనాడు చేర్చిన కొవ్వు కరిగిపోయి తోలు పెళుసవుతుంది.

సైకిలు నిలిపి ఉంచినప్పుడు సీటుకు ప్లాస్టిక్ సంచి తొడగడం తేలికైన, చౌకైన ఉపాయం. గాలికి ఎగరకుండా కింద ముడివేయాలి. అయితే పొడిసీటుకే సంచి. తడిసిన సీటుకు తొడిగితే లోపలి తేమ బయటికి పోలేక గాలి నీటి ఆవిరితో నిండిపోతుంది. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటి కొన్ని రోజులు నిలిచిందంటే బూజుకు పండుగే. తోలు మీది కొవ్వు, చెమట దానికి ఆహారం. తెల్లగా, పచ్చగా బూజు కనబడితే పొడిగుడ్డతో ఆరుబయట తుడిచి, గాలి తగిలేచోట ఉంచి, పూర్తిగా ఆరిన తరువాత లేపనం పలుచగా రాయాలి. జాలరు కుచ్చులు వేలాడే మఖ్మలు సీటు తొడుగులు ఒకప్పుడు కొత్త సైకిలుకు ముచ్చట. వానాకాలంలో వాటికంటె చెరుపు లేదు. స్పంజులాగా నీరు పీల్చి, ఆ తడిని గంటల తరబడి తోలుకు అంటిపెట్టి ఉంచుతాయి. వాటిని జూన్‌లో తీసి దసరాకు తొడుక్కోవచ్చు.

ఇన్ని చేసినా ఒకనాడు సీటు నిలువునా తడిసే తీరుతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఎండలో పెట్టడం, లేదా పొయ్యి దగ్గర పెట్టడం. డప్పు వాయించేవారు వాయించే ముందు గడ్డిమంట దగ్గర కాచి చర్మాన్ని బిగిస్తారు. తేమ పోయి డప్పు ఖంగున పలుకుతుంది. అది చూసి సీటును కూడా కాచవచ్చునని అనుకోరాదు. డప్పు చర్మం పలుచన. అందులోని కొద్దిపాటి తేమ అంతటా ఒక్కసారే పోతుంది. సీటు తోలు దళసరి. మంట దగ్గర దాని పైపొర ముందుగా ఆరి ముడుచుకొంటుంది, లోపల ఇంకా నీరే ఉంటుంది. పైపొర పగుళ్ళు పట్టడానికి, సీటు వంకర పోవడానికి ఇది కారణం. పైగా తడి తోలు వేడికి ఎంత తొందరగా లొంగుతుందో ముందే చూశాం. నీడలో, గాలి ఆడేచోట, ఒకటి రెండు రోజులు తనంతట తాను ఆరనివ్వడమే మార్గం. పొడిగుడ్డతో రెండు ముఖాలనూ అద్ది, పక్కలు బయటికి విచ్చుకొని ఉంటే లోపలికి నొక్కి గుడ్డపట్టీతో వదులుగా చుట్టి ఉంచితే ఆ ఆకారంలోనే ఆరుతుంది. ఆ రెండు రోజులు ఇంకొకరి సైకిలు అడిగి తెచ్చుకోవచ్చు, లేదా నడవవచ్చు. ఆరిన తరువాతనే లేపనం. తడిలో రాస్తే లోపలి నీటికి మూత పెట్టినట్లవుతుంది.

సీటు ముక్కు కింద ఒక మర ఉంటుంది. తోలు వదులైనప్పుడు పానాతో దాని నట్టు తిప్పితే తోలు ముందుకు లాగబడి బిగుస్తుంది. తడిసిన సీటు వదులుగా కనబడగానే ఈ నట్టు తిప్పడం సహజంగా తోచే పని, చేయకూడని పనులలో మొదటిది కూడా. తడి తోలు అడ్డు చెప్పకుండా సాగుతుంది; ఆరి ముడుచుకొనేటప్పుడు ఆ బిగువంతా రివెట్టు రంధ్రాల మీద పడి అవి చిరుగుతాయి. పూర్తిగా ఆరిన సీటును చేతితో నొక్కి చూసి, నిజంగా వదులుంటే పావు చుట్టు తిప్పి వారం రోజులు తొక్కి చూడాలి. మర చివరిదాకా వచ్చిన పాత సీటుకు కూడా ఒక దారి ఉన్నది. రెండు పక్కల అంచులకు నాలుగేసి రంధ్రాలు పొడిపించి, బూటు తాళ్ళ వలె కింది నుంచి దారం అల్లి దగ్గరకు లాగి కట్టించుకోవచ్చు. అంచులు దగ్గరైతే నడుమ తోలు పైకి లేస్తుంది. చెప్పులు కుట్టేవారికి ఇది అరగంట పని. అయితే వారి దగ్గరికి సీటును ఆరిన తరువాతనే తీసుకుపోవాలి.